గడ్డినీళ్ళలో పుట్టనిది

గడ్డి కాగబెట్టిన నీళ్ళు చల్లారేదాకా ఆగి, గాజు జాడీలోకి వంచి, తుంగభద్ర ఎల్లెల్సీ కాలువ నీళ్ళు ఒక లోటా కలిపి, కాగబెట్టని ఎండుగడ్డి పరకలు నాలుగు వేసి పైన గుడ్డ కట్టినాను. ఐదు రోజులు కిటికీ పక్కన ఉంటే చాలు. పైన తెల్లగా తెట్టు కడతాది, వాసన కొడతాది, ఒక చుక్క తీసి అద్దం పలక మీద వేస్తే చెప్పు ఆకారంలో ఉండే పారమీషియాలు ఉరుకులాడుతాంటాయి. ఎమ్మిగనూరులో మా జూనియర్ కాలేజీ పిల్లోళ్ళు పద్నాలుగేండ్లుగా ప్రాక్టికల్స్‌లో చూసిన జీవులన్నీ నేను పెంచినవే. ఆ వాసన చేతులకు పట్టుకొని నాతో పాటు ఇంటిదాకా వస్తాది. "ఆ కుళ్ళు నీళ్ళలో సేతులు పెట్టి పెట్టే నీకా రోగం తగులుకుంది," అంటాది మా అత్త మారెమ్మ. కుళ్ళితే పురుగు దానంతట అదే పుడతాదని ఆమె నమ్మకం. కాదత్తా, ఏదీ ఊరికే పుట్టదు, ముందు ఎవురో ఒకరు మోసుకొని రావల్ల, అని నేను చెప్పినప్పుడు ఆమె నా మొహం చూడకుండా చేటలో జొన్నలు చెరుగుతా ఉండె.

నా పేరు ఉచ్చీరమ్మ. పదో తరగతి తప్పినాను, పెండ్లి చేసినారు. కాలేజీలో నేను అటెండర్ని, అదీ కాంట్రాక్టు. జయన్న సార్ జువాలజీ చెప్తాంటే తలుపు పక్కన స్టూలు మీద కూర్చొని, ఆయన అడిగిన పలకలు అందిస్తా విన్నదే నా చదువు. గోడ మీది పటాలు నేను గీసినవి, కింద సంతకం సార్‌ది. ఆ జీవులకు ఒళ్ళంతా ఒకే ఒక్క కణం, దాంట్లోనే నోరు, దాంట్లోనే కడుపు. అమీబాకు ఏ పక్కకు పోవల్లంటే ఆ పక్క కాలు పుడతాది, పని అయినాక ఒంట్లో కలిసిపోతాది. లోపలికి దూరే నీళ్ళను బయటికి తోసేదానికి ఒక చిన్న బుడ్డ ఉంటాది, సంకోచ రిక్తిక అంటారు. నిండుతాది, ఖాళీ అవుతాది, మళ్ళా నిండుతాది. అది ఆగిపోతే అమీబా ఉబ్బి పగిలిపోతాది. ఆ పాఠం విన్నప్పుడల్లా పొద్దున ఐదింటికి నేను లేసి మోసే బిందెలు నా కండ్ల ముందర తిరుగుతాయి. అమీబాకు సహజ మరణం లేదు, అని సార్ ప్రతి ఏడూ అదే చోట నవ్వుతాడు. అది రెండుగా చీలిపోతాది, రెండూ పిల్లలే, తల్లి అంటూ మిగలదు, శవమూ ఉండదు. పిల్లోళ్ళు రాసుకుంటారు. మరి తల్లి ఏమయింది సార్ అని ఇన్నేండ్లలో ఒక్కరూ అడగలేదు. చెరువు ఎండితే మాత్రం అది కాళ్ళన్నీ లోపలికి లాక్కొని, గుండ్రంగా ముడుచుకొని, చుట్టూ మూడు పొరల గోడ కట్టుకుంటాది. దాన్నే కోశం అంటారు. మళ్ళీ నీళ్ళు వచ్చేదాకా ఎండలోనైనా గాలిలోనైనా అట్లే ఉంటాది. ఎండుగడ్డికి అంటుకొని నా జాడీలోకి వచ్చేవి అట్లా కోశంలో దాక్కున్నవే.

మా ఇంటాయన బసప్ప సుగ్గి మేస్త్రీ. మా పక్క వానలు లేక పైరు ఎండితే ఊర్లకు ఊర్లు ఇండ్లకు తాళాలేసి గుంటూరు పక్క మిరపకాయలు కోసేదానికి పోతాయి. దాన్నే సుగ్గికి పోవడం అంటాం. ఆ జనాన్ని టెంపోలకు ఎక్కించి తీసకపోయి, మూడు నెలలు ఆడనే ఉండి, ఎండలు ముదిరేసరికి వస్తాడు. మూడేండ్లుగా ఆయన వచ్చిన పది పదైదు రోజులకు నాకు మొదలైతాది. మంట, దురద, వాసన కొట్టే పచ్చటి నీరు. మొదటి ఏడు ఆరెంపీ ఇచ్చిన బిళ్ళలు మింగినాను. తగ్గింది, మళ్ళా వచ్చింది. రెండో ఏడూ అంతే. "వొళ్ళు వేడి సేసింటాది, సబ్జా గింజలు తాగు," అంది అత్త. "ఏమే, నీ దగ్గర ఈ కంపు? ల్యాబుది ల్యాబులోనే ఇడిసిపెట్టి రావల్లంటి కదా," అన్నాడు బసప్ప. వాసనకు మొహం పక్కకు తిప్పుకునేవాడు. మొహం ఒక్కటే.

ఈ ఏడు ఓర్చుకోలేకపోయినాను. ప్రాక్టికల్స్ ముగిసి సార్ భోజనానికి పోయినాక, తలుపు గడియ పెట్టి, నాలోని ఆ పచ్చటి నీరు ఒక చుక్క ఉప్పునీళ్ళ చుక్కలో కలిపి పలక మీద వేసి మూడో నంబరు మైక్రోస్కోపు కింద పెట్టినాను. వేల పలకలు పెట్టిన చేతులవి. కన్ను ఆనించి చక్రం తిప్పితే మసక విడిపోయింది. ఉండాయి. జామకాయ మాదిరి, ఒక కొన సన్నగా. ముందర కొరడాల్లా నాలుగు కశాభాలు, పక్కన అలలు అలలుగా కదిలే పొర, నడుమ నిలువునా పుల్ల మాదిరి ఒకటి, దాని మొన వెనక పక్క పొడుచుకొని. తాగినోళ్ళ మాదిరి తూలుతా తిరుగుతాండాయి. నా జాడీల్లో ఇన్నేండ్లలో ఒక్కసారి కూడా కనపడని జీవి నాలో ఉంది. బీరువాలో నుంచి సార్ డిగ్రీ పుస్తకం తీసి పేజీలు తిప్పితే బొమ్మ దొరికింది. ట్రైకోమోనాస్. నిలువునా రెండుగా చీలి పెరుగుతాదంట. ఆడవాళ్ళకు మంట, మగవాళ్ళలో చానామందికి ఉన్నట్టే తెలీదంట. ఆ కింద చిన్న వాక్యం: ఈ జీవికి కోశ దశ లేదు. వేలు పెట్టి నాలుగుసార్లు చదివినాను. కోశం లేదంటే ఎండకు ఆగదు, గాలికి ఆగదు, గడ్డికి అంటుకొని రాదు. ఒక ఒంట్లో నుంచి ఇంకో ఒంట్లోకి నేరుగా రావల్సిందే. నేను మనసులో ఎప్పుడో అనుకున్నదే. కానీ అనుకోవడం వేరు, అచ్చులో చూడడం వేరు.

మరుసటి రోజు ఆదోని బస్సెక్కినాను. ఎమ్మిగనూరులో నేను ఏ డాక్టరు గడప తొక్కినా సాయంత్రానికి ఊరంతా తెలుస్తాది. ఆదోనిలో లేడీ డాక్టరు రెండు పొట్లాలు ఇచ్చింది. "ఇది నీకు, ఇది మీ ఆయనకు. ఇద్దరూ ఒకేసారి మింగాల, వారం. ఆయన మింగకపోతే నీకు మళ్ళీ వస్తుంది. ఆ వారం ఆయన మద్యం ముట్టకూడదు," అని చెప్పింది. ఆయనేం చేస్తాడు, ఎక్కడికి పోతాడు అని అడగలేదు, అడగనక్కర లేదన్నట్టు చూసింది. తిరుగు బస్సులో ఆ రెండు పొట్లాలు ఒళ్ళో పెట్టుకొని, ఎట్లా చెప్పల్ల, ఏ మాట ముందర, ఏది వెనక, అని దారి పొడుగునా పేర్చుకున్నాను. తెచ్చిన మనిషికి లేని సిగ్గు చెప్పే మనిషికి ఎందుకుండల్లో.

బసప్ప అన్నం తింటానే విన్నాడు.

"నాకేమన్నా మంటుందా? దురదుందా? నేనెందుకు మింగల్ల?"

"మగవాళ్ళకు తెలీదంట. లోపల ఉంటాదంట."

"ఎవురు సెప్పినారు?"

"నేనే చూసినాను. మైక్రోస్కోపులో."

"ఓహో! అటెండరమ్మ డాక్టరమ్మ అయిందా. అమ్మా, వింటివా?"

వసారాలో ఉన్న అత్త విననే వింది. "నేను మొదట్నుంచీ సెప్తానే ఉండా, ఆ కుళ్ళు నీళ్ళదే అని. ఆ పని మాన్పించు నాయనా."

"ఇది గడ్డినీళ్ళలో పుట్టదు. దీనికి కోశం లేదు," అన్నాను.

ఆ మాట ఈ ఇంట్లో ఎవురికీ తెలీదని అన్నాక గుర్తొచ్చింది. బసప్ప ముద్ద కలిపేది ఆపినాడు. "అంటే? నేను తెచ్చినానంటావా?"

అవుననే మాట నాలిక కొసకు వచ్చింది. అవునంటే ఈ ఇంట్లో నాకు చోటుండదు. కాదంటే తప్పు గడ్డినీళ్ళదే అవుతాది, ల్యాబులో చోటుండదు.

"నువ్వే యాడో తగిలించుకొని నా మీదికి తోస్తాండావేమో, ఎవురు సూసినారు?" అని చెయ్యి కడుక్కున్నాడు. "మీ సార్ సదువుకున్న మనిషి కదా. గడ్డినీళ్ళది కాదని ఆయప్ప నోటితో ఒక్క మాట సెప్పమను. మింగుతా. లేదంటే ఆ పని మానుకొని ఇంట్లో పడుండు."

ఒక్క మాట. పద్నాలుగేండ్లు జీవులను పెంచి ఇచ్చినదాన్ని, ఒక్క మాట అడగలేనా అనుకున్నాను. మరుసటి రోజు సార్ టీ తాగుతాంటే ఎదురుగా నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పినాను. "మా ఇంటాయనకు ఫోన్‌లో చెప్పండి సార్. ఇది గడ్డినీళ్ళలో ఉండదు, దీనికి కోశం లేదు అని. అంతే సార్. ఆయనదే అని చెప్పొద్దు."

సార్ చెవులు ఎర్రబడినాయి. "ఏ మైక్రోస్కోపులో చూసినావు?"

"మూడోది సార్."

"పిల్లలు కండ్లు పెట్టేదాంట్లోనా!"

"పలక స్పిరిట్‌తో కడిగినా సార్."

"ఉచ్చీరమ్మా, అమీబా అడుగు, చెప్తా. పారమీషియం అడుగు, చెప్తా. ఇది మన సిలబస్‌లో లేదు. మీ ఇంటి సంగతుల్లోకి నన్ను లాగొద్దు." గ్లాసు పక్కన పెట్టినాడు, టీ సగం అట్లే ఉంది. ఆ గ్లాసు కూడా రోజూ నేను కడిగేదే.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ పిలిచినాడు. అంటురోగం మాట అనలేదు, మర్యాదస్తుడు. ల్యాబు శుభ్రత గురించి మాట్లాడినాడు. రేపట్నుంచి ల్యాబులోకి పోవద్దు, బాత్రూములు చూసుకో అన్నాడు. అద్దాలు ముట్టుకునేదానికి పనికిరాని చేతులు బాత్రూములు కడిగేదానికి పనికొస్తాయి. పోయేటప్పుడు కిటికీ పక్క చూసినాను. ఆ రోజు ఐదో రోజు. జాడీ మీద తెట్టు బాగా కట్టింది. నేను చూస్తాండంగనే సార్ చెప్పినాడని ఎవురో పిల్లోడు ఎత్తకపోయి మోరీలో పోసినాడు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. బసప్ప లేడు. హొళగుంద పక్క పల్లెల్లో వచ్చే సుగ్గికి మనుషులను మాట్లాడేదానికి పోయినాడు. అత్త వసారాలో చేట ముందర కూర్చోనుంది. "నీ మాటే నెగ్గిందత్తా. ల్యాబు మాన్పించినారు," అన్నాను. ఇప్పుడంటాది, నేను మొదట్నుంచీ సెప్తానే ఉండా అని, అనుకొని నిలబడినాను. ఆమె రాళ్ళు ఏరేది ఆపలేదు.

"ఆ బిళ్ళలు యాడ పెట్టినావే?"

"జొన్నల డబ్బాలో. ఆయన మింగడు, నేనొక్కదాన్ని మింగితే దండగ."

"వాని వంతుది..." అని ఆగింది. చేటలోనే చూస్తా అడిగింది. "వాని వంతుది నేను మింగితే పనిసేస్తాదా?"

గోడకు ఆనుకొని కూర్చున్నాను.

"మీ మామ సచ్చి తొమ్మిదేండ్లాయ. ఆయప్పా సుగ్గి మేస్త్రీనే కదా. ఆయప్ప పోయినాడు గానీ ఇది పోలే. యా డాక్టరుకు సూపించుకుందు?"

"తెలిసి తెలిసి నేరం నా చేతుల మీద పెడితివి కదత్తా! గడ్డినీళ్ళంటివి కదా!"

"మా అత్త నాకు బాయి నీళ్ళని సెప్పె," అంది ఆమె. "మొగుణ్ణి అనకుండా బతకల్లంటే ఏదో ఒక నీళ్ళని సెప్పల్ల కదే."

నాకు కోపం రావల్సింది. వచ్చింది కూడా. కానీ పెట్టుకునేదానికి ఎదురుగా ఆమె తప్ప ఎవురూ లేరు, ఆమెలో పెట్టేంత చోటు లేదు. ఆమెది అదో, ఇంకొకటో నాకు తెలీదు. ఆమె చుక్కను ఎవురూ పలక మీద వేయలేదు. వేసేదానికి నన్నిప్పుడు ల్యాబులోకి రానివ్వరు. రేపు ఇద్దరం ఆదోనికి పోదామత్తా, డాక్టరునే అడుగుదాం, అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపలేదు. నేను లేసి జొన్నల డబ్బాలో చెయ్యి పెట్టి నా పొట్లం తీసి, నా బిళ్ళ నేను మింగినాను. బసప్ప వంతు పొట్లం ఆమె కొంగులో ముడి వేసినాను.

"నువ్వు మింగి, మళ్ళా వాని పక్కన పండుకుంటే?" అంది.

"పండుకోను."

"యాడ పండుకుంటావ్?"

"నీ గదిలో."

"ఆ తలుపుకు గడియ సరిగ్గా పడదే," అంది అత్త. అట్లని లేసి, ఒక చేత్తో కొంగు ముడి పట్టుకొని, ఇంకో చేత్తో నా చాప లాక్కొని లోపలికి పోయింది. వెనకాల నేనూ పోయి తలుపేసినాను.

చీకటి పడతానే వాకిట్లో బసప్ప బండి ఆగింది. "ఏమే, యాడున్నావ్? కూడెయ్యి," అని కేక. ఆ తర్వాత తలుపు మీద చెయ్యి. అమీబా కట్టుకునే గోడకు మూడు పొరలు. మాది ఒక్క రేకు తలుపు. ఎన్ని దెబ్బలకు ఆగుతాదో నాకు తెలుసు, అత్తకు నాకంటే బాగా తెలుసు. ఇద్దరిలో ఎవురం లేయలేదు.