కేసింగు పైపులో కాపురం

నేను ఒక మురుగు గొట్టాన్ని. ముక్కు మూసుకున్నారా? మూసుకోండి, నాకేం బాధ లేదు. చెవులు తెరిచి ఉంచితే చాలు.

పుట్టింది హైదరాబాదు శివార్లలో, ఒక రేకుల షెడ్డులో. కరిగిన ప్లాస్టిక్కు, లోపల తీగ చుట్ట, ఒంటి నిండా మడతలు. లాగితే మనిషికి రెండింతలు సాగుతాను, నొక్కితే హార్మోనియం తిత్తిలా ముడుచుకుంటాను. ఒళ్ళు ఇటుక రంగు. అదే షెడ్డులో, అదే ముద్దలోంచి నీలం గొట్టాలు కూడా పుట్టాయి. అవి మంచినీళ్ళకు పోయాయి, నేను మురుగుకు వచ్చాను. వాటికీ నాకూ తేడా గుప్పెడు రంగు పొడి. ఆ గుప్పెడు పొడికి బతుకంతా నన్ను దూరం పెట్టారు. మనుషులు తమలో తాము కూడా ఇట్లాంటి పనే చేసుకుంటారని తర్వాత చూశాను. ఆశ్చర్యం వేయలేదు.

నన్ను కొన్నది కర్నూల్లో ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు చెన్నకేశవులు. ఆయన ఒక టెంపో బండి కొని, సీట్లు పీకించి, దాన్ని చక్రాల ఇల్లు చేయించాడు. మంచం, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, వెనక మూలన మరుగుదొడ్డి, దాని అడుగున మురుగు ట్యాంకు. ట్యాంకు నిండినప్పుడు నా ఒక మూతి దానికి తగిలించి, రెండో మూతి సెప్టిక్ గుంతలో పెట్టి మీట లాగాలి. తక్కినది నేను చూసుకుంటాను. అదీ నా ఉద్యోగం.

బండికి ప్లాను ఆయనే గీశాడు. ఆవకాయ జాడీ దొర్లకుండా గుంత గీశాడు. దేవుడి గూడు గీసి, గూట్లో ఎర్ర బల్బుకు తీగ లాగాడు. గొడుగుకు కొక్కెం. కళ్ళజోడుకు అర. నాకు? ఏమీ లేదు. ఊరందరికీ ఇళ్ళు కట్టించే మనిషి! లోపలికి వచ్చే ప్రతి వస్తువుకూ చోటు చూశాడు, బయటికి పోయేదాన్ని మోసే నాకు జానెడు గీయలేదు. మరిచిపోయాడంటారా? ఆవకాయ జాడీని మరిచిపోలేదే!

బండి పూజనాడు సామానంతా వరసగా పేర్చారు. పూజారి మంచి ఊపు మీద ఉన్నాడు. స్టీరింగుకు, జాకీకి, స్పానర్లకు, అదే చేత్తో నాకూ పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టేశాడు. నేనేంటో ఆయన అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నా బతుకులో ఆ బొట్టు ఒక్కటే.

అడిగింది చెన్నకేశవులు భార్య సత్యవేణమ్మ, అదీ శ్రీశైలానికి బయలుదేరే పొద్దున.

"ఏమండీ, ఈ పైపు ఏంటికి?"

ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె చేతిలోని పూలబుట్ట కింద పెట్టింది.

"దేవుడున్న బండిలోనా? వాడినాక యాడ పెడ్తారు దాన్ని? నా పప్పు డబ్బాల పక్కనా?"

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఎక్కడా చోటు కనపడలేదు. దాంతో మరుగుదొడ్డికి తాళం పడింది. అందులో చెప్పులు, చాపలు, ఉల్లిపాయల సంచి చేరాయి. తర్వాత ఆ మొగుడూ పెళ్ళాం మరుగుదొడ్డి ఉన్న బండిలో ఊళ్ళన్నీ తిరుగుతూ, పెట్రోలు బంకు కనపడగానే దిగి పరుగెత్తేవాళ్ళు. నేను మంచం కింద ప్లాస్టిక్కు సంచిలో పడుకుని నవ్వుకునేదాన్ని. చెడ్డవాళ్ళు కాదు. ఒకరి మోకాళ్ళకు ఒకరు నూనె రాసుకునేవాళ్ళు. ఆ మోకాళ్ళే ఇక బండి ఎక్కనివ్వక, చివరికి నాతో సహా అమ్మేశారు.

కొన్నది ఒక సోలార్ కంపెనీ. అనంతపురం వైపు ఎర్రనేలలో, గుట్టల దాకా అద్దాల పలకలు పరిచిన చోటు. చూడటానికి వచ్చే ఇంజనీర్లు నడుం వాల్చడానికి మా బండిని అక్కడ పెట్టారు. డ్రైవరు కుళ్ళాయప్ప మరుగుదొడ్డి తాళం తీసి, ఉల్లిపొట్టు ఊడ్చి, నన్ను సంచిలోంచి లాగాడు. బొట్టు చూసి కళ్ళకు అద్దుకోబోయి ఆగాడు. తర్వాత చొక్కా కొసతో తుడిచి పనిలో పెట్టాడు. మొదటిసారి నా ఒంట్లోంచి ఆ బరువు దడదడా పోయినప్పుడు, ఒట్టు, నాకు హాయిగా అనిపించింది. పుట్టిన పని చేయడం అంటే అదీ.

తంటా ఆ తర్వాతే. వాడి కడిగినా నా మడతల్లో తడి ఉంటుంది, తడికి వాసన ఉంటుంది. బండి నిలిచే చోటు ఒకటి, సెప్టిక్ గుంత ఉన్న చోటు ఆఫీసు దగ్గర ఇంకొకటి, కాబట్టి నేను బండితోనే తిరగాలి. బయట పడేస్తే ఆ ఎండకు పెళుసెక్కి పగులుతాను. కుళ్ళాయప్ప నన్ను పైకప్పుకు కట్టాడు. బ్రేకు వేసినప్పుడు ముందు అద్దం మీద చుక్కలు కారాయి. స్టెప్నీ చక్రంలో చుట్టాడు, గతుకులకు జారి రోడ్డు మీద ఈడ్చుకుపోయాను. గోనెసంచిలో కుక్కి తన సీటు వెనక పెట్టుకున్నాడు. ఆరోజు సద్ది తినలేక, రాగిసంగటి ముద్ద కుక్కకు వేశాడు.

"నీకు యాడ చోటు ఎతుకుదునప్పా!" అని నన్నే తిట్టాడు. పెళ్ళాన్ని తిట్టినంత చనువుగా తిట్టాడు. నాకు కోపం రాలేదు.

ఆఖరికి సైట్ మేనేజరు శశిధర్ తేల్చేశాడు. మరుగుదొడ్డి ఇంజనీర్లకు మాత్రమే. తక్కిన రోజుల్లో తాళం.

ఇప్పుడు అసలు మాట చెబుతాను. ఆ పలకల మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది. దుమ్ము కడిగేది ఆడవాళ్ళు. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు, పొద్దున వచ్చి పొద్దుగూకే దాకా ట్యాంకరు నీళ్ళతో పలకలు తోముతారు. చేతులు నీళ్ళలో నాని తెల్లబడతాయి. గొంతులో మాత్రం చుక్క పోసుకోరు ఎవరూ! ఎందుకంటే తాగితే పోవాలి. చెట్టు లేదు, చాటు లేదు. పలకలు నడుం ఎత్తు. కాపలావాళ్ళు మోటారు సైకిళ్ళ మీద తిరుగుతుంటారు, స్తంభాల మీద కెమెరాలు. కాబట్టి తాగరు. రోజంతా నీళ్ళలో ఉండి దాహంతో ఎండిపోయే మనుషుల్ని నేను అక్కడే చూశాను. చూసి ఊరుకున్న పెద్దమనుషుల్ని కూడా.

వాళ్ళలో మాబున్ని అనే పిల్లకు మూత్రంలో మంట మొదలైంది. తర్వాత జ్వరం. ఆసుపత్రిలో మందులిచ్చి, నీళ్ళు బాగా తాగకపోతే మూత్రపిండాలు పాడవుతాయని చెప్పి పంపారు. మళ్ళీ పనిలోకి వచ్చింది. ఒకరోజు మా బండి నీడలో కూలబడింది. పక్కన తిప్పక్క, ఆ గుంపులో పెద్దది, నోరు కూడా పెద్దది, చెంబు పట్టుకుని నిలబడింది.

"తాగు మే. డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"తాగితే పోవల్ల కదక్కా. యాడికి పోయేది?"

"తాగకుంటే పైకి పోతావు. దానికైతే చాటు అవసరం లేదులే."

మాబున్ని నవ్వబోయి పొట్ట పట్టుకుంది. తిప్పక్క చెంబు బండి మెట్టు మీద ఠప్పున పెట్టి ఆఫీసు వైపు కేకేసింది. తోమే బ్రష్షులు పలకల మీదే వదిలి ఆడవాళ్ళందరూ బండి చుట్టూ చేరారు. శశిధర్ వచ్చాడు.

"సారూ, దొడ్డి తాళం తీయించు. ఈ పిల్లను సూడు."

"నేను కాదంటున్నానా అమ్మా? ఇంతమంది వాడితే ట్యాంకు రోజూ నిండుతుంది. రోజూ పైపు తీయాలి. తీశాక పెట్టడానికి బండిలో చోటు లేదు. కుళ్ళాయప్పనే అడగండి."

కుళ్ళాయప్ప తల గోక్కున్నాడు. "చోటు ల్యా తిప్పక్కా. నిజంగానే ల్యా."

అబద్ధమైతే అక్కడే చీల్చేసేవాళ్ళు. అది నిజం, అదే కష్టం. నిజంలో చుట్టి ఇచ్చిన సాకు అబద్ధం కంటే గట్టిది. నా ఒళ్ళు కుంచించుకుపోయింది. నన్ను అడ్డం పెట్టుకుని ఒక ఆడపిల్లకు తాళం వేశారు!

తిప్పక్క వంగి, బండి కింద గోనెసంచిలో ఉన్న నన్ను చూసింది.

"అంటే మా ఉచ్చకు అడ్డం ఈ పైపా?"

శశిధర్ దగ్గాడు. పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

"దీనికి చోటు చూపిస్తే తాళం తీస్తావా?"

"చూపించండి, తీస్తాను" అన్నాడు ఆయన నవ్వుతూ. చూపించలేరని ఆ నవ్వు. అయినా మాట అందరూ విన్నారు.

మర్నాడు పొద్దున మట్టిబాట మీద ఆడవాళ్ళు వరసగా, భుజాల మీద ఒక లావుపాటి పైపు మోసుకొచ్చారు. బోరు బావిలో మట్టి కూలకుండా దించే కేసింగు పైపు. తిప్పక్క ఒకప్పుడు తన చేనులో బోరు వేయించింది. నీళ్ళు పడలేదు. దించగా మిగిలిన పైపు పశువుల కొట్టం మీద అట్లాగే ఉండిపోయింది. ఆ చేను ఇప్పుడు ఈ పలకల కిందే ఉంది. ఆ ముక్క చెప్పేటప్పుడు ఆమె గొంతు మారలేదు. తర్వాత మాత్రం పైపును అరచేత్తో రెండుసార్లు తట్టింది.

కుళ్ళాయప్ప రంపంతో కోశాడు. బండి అడుగున ఒక పక్కగా, ఇనుప తీగతో, పాత ట్యూబు పట్టీలతో బిగించారు. ఒక మూతికి చెక్క దిమ్మ కొట్టారు. రెండోదానికి సత్తు గిన్నె మూత, దాని మీద రబ్బరు పట్టీ. నన్ను లోపలికి తోశారు. సరిగ్గా సరిపోయాను. చీకటి, చల్లన. కుదురుగా పడుకోవడం అంటే ఏమిటో ఆరోజే తెలిసింది.

తొందరలో ఒక తప్పు చేశారు. పైపును మూత వైపుకు వాల్చి కట్టారు కానీ, తడి పోవడానికి కంత పెట్టలేదు. నన్ను ఒకసారి వాడి, కడిగి, లోపల పెట్టారు. మూడో రోజు శశిధర్ చూడటానికి వచ్చి మూత ముందు వంగి, "వాసనేం లేదే!" అన్నాడు. కుళ్ళాయప్ప ఉత్సాహంగా మూత లాగాడు. రెండు రోజులుగా నా మడతల్లోంచి దిగి నిలిచినదంతా మేనేజరు గారి తెల్ల బూట్ల మీద పడింది.

"మీ ఇంజనీర్లదే సారూ" అంది తిప్పక్క. "మాకింకా తాళం తీయలేదు కదా."

ముందు మాబున్ని నవ్వింది. ఆపుకోలేక నవ్వింది. ఆ జ్వరపు మొహంలో ఆ నవ్వు చూసి శశిధర్ తన బూట్లు చూసుకున్నాడు, మళ్ళీ ఆ పిల్లను చూశాడు. అరిచేస్తాడనుకున్నాను. అరవలేదు. జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ముందు బకెట్టు నీళ్ళు తెప్పించండమ్మా. ఆ మూతకు కంత కూడా పెట్టి ఏడవండి."

కాల్చిన ఇనుప చువ్వతో కుళ్ళాయప్ప కంత పెట్టాడు. గాలికి వెనక దిమ్మలో ఇంకోటి.

ఇక నా పని చూడాలి! రోజూ ఆఫీసు దగ్గరికి ప్రయాణం, రోజూ గుంత. కొత్త ఇంజనీర్లు ముక్కులు ఎగరేస్తే కుళ్ళాయప్ప, "మీదీ వాళ్ళదీ ఒకే పైపులో పోతాండాది సార్, అది ఏనాడూ తేడా చెప్పలేదు" అనేవాడు. నిజమే, చెప్పలేదు. తేడా లేదు కాబట్టి చెప్పలేదు. సూటూ చీరా విప్పాక మీరంతా నాకు ఒక్కటే. పైన మీ గొంతు, కింద నేను. మీ గొప్పలన్నీ ఆ మధ్యలోవే.

ఏళ్ళు గడిచి నా మడతలు చీలాయి. కొత్త గొట్టం వచ్చింది, అదీ ఇటుక రంగే. నన్ను లాగి గేటు పక్క పాత సామాను కుప్ప మీద వేశారు. కేసింగు పైపును మాత్రం తీయలేదు. నీళ్ళు పడని బోరు పైపు అది. కొత్త గొట్టం ఇప్పుడు అందులోనే కాపురం ఉంది. ఉండనీ.

ఇక్కడి నుంచి పలకలన్నీ కనపడతాయి. మధ్యాహ్నం, నడినెత్తి మీద ఎండ. మాబున్ని విరిగిన బ్రష్షు ఒకటి నా పక్కన పడేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, చెంబు ఎత్తింది. ఇటూ అటూ చూడలేదు. తల వెనక్కి వాల్చి గటగటా తాగుతోంది. ఆ గొంతు మడత మడతగా పైకీ కిందికీ కదులుతుంటే, బరువు పోయేటప్పుడు నేను కదిలినట్టే ఉంది.

చెంబు ఖాళీ చేసి మూతి తుడుచుకుంది.

"ఇంకో చెంబు తే అక్కా" అని కేకేసింది.