ఆ చెరువు నేను చూడలేదు

“ఏ ఇంట్లో పనికి కుదిరింది?” అని అడిగింది మామా.

నేను ఇస్త్రీ చేస్తున్నాను. బాబా వేసుకునే పొడుగాటి తెల్ల తోబులు ఏడు, పిల్లలవి పన్నెండు. జెద్దాలో ఆగస్టు నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఈ ఇంట్లో వరండాకి కూడా ఏసీ ఉంది గానీ ఇస్త్రీ గదికి లేదు, ఎందుకంటే అందులో ఉండేది నేనొక్కదాన్నే. మామా అంటే నన్ను కన్నతల్లి కాదు, ఇంటి యజమానురాలు. ఇక్కడ ఇంటిపనికి వచ్చిన మాలాంటి వాళ్లం ఇంటావిడని మామా అని, ఇంటాయనని బాబా అని పిలుస్తాం. నా మామా నాకంటే ఆరేళ్లు చిన్నది.

బల్లమీద ఉన్న నా ఫోను మోగితే, తన వంటింట్లో గరిటె తీసుకున్నంత సులువుగా తీసి చూసింది. తెరమీద ఫోటో. నీలంగా ఒక చెరువు, దాని వెనకాల మంచు కొండలు, ముందు నా కూతురు పర్వీన్. వీపున పెద్ద సంచి, గాలికి లేచిన జుట్టు, ముప్పై రెండు పళ్లూ కనబడే నవ్వు.

“ఇది మేం వెళ్లే ఊరు కదా!” అంది మామా. అవును, ఆస్ట్రియాలో ఉన్న ఊరు. పేరు ఇప్పటికీ నా నోరు తిరగదు. ఎండలు ముదిరితే ఇక్కడి వాళ్లు కుటుంబాలతో సహా అక్కడికి పోతారు. ఈ ఏడు బాబా వాళ్లమ్మకి, పెద్దావిడకి, ఒంట్లో బాగాలేక మావాళ్లు ఆగిపోయారు, ఆ చిరాకు మామా ముఖంలో జూన్ నుంచీ ఉంది. ఈ పిల్ల ఎవరంటే నా కూతురన్నాను. అప్పుడు అడిగింది ఆ మాట, ఏ ఇంట్లో పనికి కుదిరిందని. చెడ్డగా అడగలేదు. మా ఇంటి ఆడపిల్ల ఆ చెరువు ఒడ్డున నిలబడడానికి ఆమెకి ఇంకో కారణం తోచలేదు, అంతే.

ఇస్త్రీపెట్టె నిలబెట్టాను. “ఎవరింట్లోనూ కాదు మామా. జర్మనీలో చదువుకుంటోంది. సెలవులిచ్చారు. ఊళ్లు చూడ్డానికి పోయింది. సియాహా” అన్నాను. సియాహా అంటే సరదాగా చేసే ప్రయాణం. పన్నెండేళ్లుగా ప్రతి ఎండాకాలం ఈ ఇంట్లో ఆ మాట వింటున్నాను గానీ నా నోటితో అనాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. గర్వపడలేదని అబద్ధం చెప్పను. కడుపు నిండినట్టయింది.

“ఒక్కతేనా? నీ భర్త లేడా, అన్నదమ్ములెవరూ లేరా వెంట?”

“ఒక్కతే.”

మామా ఫోటో వంక ఇంకాసేపు చూసింది. “నేను ఆ కొండ ఎక్కుదామని ప్రతిసారీ అనుకుంటాను. పిల్లలతో కుదరదు” అని ఫోను బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. ఆమె మీద జాలి పడాలో కోపగించుకోవాలో తెలియక మిగిలిన తోబులు అందుకున్నాను.

ఫోటో కింద పర్వీన్ పెట్టిన మాటలు మామాకి అర్థం కాలేదు, తెలుగు కాబట్టి. ‘అమ్మా, నువ్వు ఐస్‌క్రీమ్ తిన్న బెంచీ యాడుంది? ఈడ శానా బెంచీలుండాయి. సాయంత్రం వీడియో కాల్ చేస్తా, చూపియ్యి.’

ఆ బెంచీ లేదు. అది చెప్పాలంటే వెనక్కి పోవాలి.

నేను జెద్దా వచ్చిన రెండో ఏడాది ఒకసారి, నాలుగో ఏడాది ఇంకోసారి, మావాళ్లు నన్ను ఆ ఊరికి తీసుకుపోయారు. మామా, బాబా, పెద్దావిడ, బాబా చెల్లెలు, నలుగురు పిల్లలు, అందరికీ వండి పెట్టడానికి నేను. గల్ఫుకి వచ్చిన ఆడవాళ్లకి ఒక అలవాటుంది. ఇంటికి ఫోను చేస్తే కష్టం చెప్పుకోం. పరాయివాళ్ల సోఫా ముందు నిలబడి ఫోటో దిగి పంపిస్తాం. వాళ్ల కారు పక్కన నిలబడి ఇంకోటి. నేనూ అంతే. రాయచోటిలో పదకొండేళ్ల పర్వీన్ ఫోనులో “అమ్మా, యూరప్‌లో ఏం చూసినావ్?” అని అడుగుతుంటే, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నానని ఎలా చెప్పను? పిల్లలు బయటినుంచి వచ్చి అరుచుకునే మాటలన్నీ నావి చేసి చెప్పాను. తెల్ల పడవ ఎక్కినానన్నాను. తీగమీద వేలాడే డబ్బాలో కూర్చుని కొండమీదికి పోయినానన్నాను. చెరువు ఒడ్డున బెంచీమీద కూర్చుని పిస్తా ఐస్‌క్రీమ్ తిన్నానన్నాను. ఆ పిల్ల ఒక్కొక్కటీ నోటుపుస్తకం వెనక రాసుకుంది. పదో తరగతిలో పటంలో ఆ ఊరు వెతికి చుక్క పెట్టింది. అబద్ధాలు చెప్పిన నేను అంట్లు తోముతూ ఉండిపోతే, అబద్ధాలు నమ్మినది పుస్తకం పట్టుకుని జర్మనీ దాకా పోయింది.

నిజంగా చూసిందేమిటంటే, వంటింటి కిటికీ ముందు పక్కింటి వెనక గోడ. ఎక్కడినుంచో వినబడే చర్చి గంట. సాయంత్రం పూట చెత్త పడేయడానికి మెట్లు దిగితే సందులో నాలుగు రంగుల డబ్బాలు. గాజు ఒకదాన్లో, కాగితం ఒకదాన్లో, తిండి ఒకదాన్లో. తప్పు వేస్తే మేడమీది ముసలమ్మ కిటికీలోంచి అరిచేది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరి వేసేదాన్ని. పాసుపోర్టు మామా సంచిలో ఉండేది. ఒక్కసారి మాత్రం ఇంటి ముందువైపు దారిన నన్ను ఒడ్డుకి తీసుకుపోయారు, ఐదు సంచులు మోసుకుంటూ, చక్రాల వంకే చూస్తూ చంటిదాని బండి తోసుకుంటూ. అందరూ వరసగా నిలబడి ఫోటో తియ్యమన్నారు. వాళ్ల వెనక ఐస్‌క్రీమ్ కొట్టు పడేలా తియ్యమన్నారు. కాబట్టి నా వీపు చెరువు వైపుంది. తీయగానే చంటిది ఏడ్చింది, తిరిగొచ్చేశాం.

రాయచోటిలో మాత్రం ఏం పేరొచ్చిందని! నా మొగుడి అక్క మేరాజ్ బేగం వీధి వీధంతా తిరిగి “మా మరదలు యూరప్ పోయింది” అని చెప్పుకుంది. అంతకు రెండేళ్ల ముందు నేను జెద్దా విమానం ఎక్కినప్పుడు ఇదే వదిన “మొగుణ్ణీ బిడ్డనూ ఇడిసిపెట్టి దేశాలు పట్టుకోని పోతాంది” అంది. ఇప్పుడు ఆమె ఏడుస్తోందట.

పొద్దున మా ఆయన మౌలా సాహెబ్ ఫోను చేశాడు. చెడ్డవాడు కాదు. దూదేకి పరుపులు కుట్టేవాడు, భుజం పడిపోయాక దుకాణంలో కూర్చుంటున్నాడు. నేను లేని పన్నెండేళ్లూ పర్వీన్‌కి జడలు వేసింది ఆయనే. కానీ అక్క గొంతు పెంచితే ఆయన గొంతు తగ్గిపోతుంది.

“మ్మే మహబూబ్బీ, నీ కూతురు స్టేటస్‌లో పెట్టిన ఫోటోలు చూసినావా? సంచి ఏసుకోని ఊర్లెంబడి తిరుగుతాండాది. నిన్న ఒక ఊరు, ఈ పొద్దు ఒక ఊరు. రాత్రి బస్సుల్లో నిద్రపోతాందంట! అక్క అన్నం ముట్టలా. కొడుకు అల్తాఫ్ నెలాఖరుకు కువైట్ పోతాడు, ఆలోపల మన పిల్లతో నిఖా అయిపోవాలంటాది. పిల్లను రమ్మను.”

“దాని చదువు ఇంకా ఆర్నెల్లుండాది గదా.”

“మిగిలింది పెండ్లయినాక సూసుకోవచ్చులే. నేను చెప్తే ఏమంటాందో తెలుసా? అమ్మనడుగు, అమ్మ వద్దంటే ఈ పొద్దే తిరుగుడు ఆపి వచ్చేస్తా అంటాంది. నీ మాటంటే దానికి అంత. నువ్వు వద్దు అను. ఒక్క మాట. నా పరువు నిలబెట్టు.”

సాయంత్రం చెప్తానన్నాను.

ఒక్క మాట. ఇస్త్రీ చేస్తున్నంతసేపూ ఆ మాట నాలుక మీదే ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అనేద్దామని కూడా అనిపించింది. పరువు కోసం కాదు. వద్దంటే పర్వీన్ ఆ బెంచీ వెతకడం మానేస్తుంది, నేను చెప్పిన అబద్ధాలు నాతోనే ఉండిపోతాయి. ఇన్నేళ్ల తర్వాత కూతురి ముందు, యూరప్ చూసొచ్చిన అమ్మ కాస్తా చెత్త డబ్బాల దగ్గరకి దిగిపోవడం నాకిష్టం లేదు. నా కూతురికి నేను ఇచ్చిన ఆస్తి ఆ కథలే. అవి దొంగ సరుకని తెలిస్తే?

మరి ఆ పిల్ల ఎలా తిరుగుతోందో నాకు తెలుసు, రోజూ చెబుతుంది. శనివారాలు రొట్టెల అంగట్లో నిలబడి పనిచేసి దాచుకుని బయలుదేరింది. ప్రాగ్ చూసింది, బుడాపెస్ట్ చూసింది, వియన్నా చూసింది. ఒకే గదిలో ఎనిమిది మంది, మంచం మీద మంచం. ఉన్న రెండు జతలు తొట్టిలో ఉతుక్కుని కిటికీకి ఆరేసుకుంటుంది. రొట్టెలో చెనిక్కాయల పొడి చల్లుకుని వంతెనల మీద కూర్చుని తింటుంది. పక్క మంచం కొరియా పిల్లకి ఆ పొడి రుచి చూపిస్తే ఆమె డబ్బా సగం ఖాళీ చేసిందట. దారి తప్పితే నవ్వుకుంటుంది. మా ఇంట్లో ఏ ఆడదీ దారి తప్పి నవ్వుకోలేదు. మాకు దారి తప్పడమంటే పరువు పోవడమే.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక, మామా పిల్లల్ని కార్లో ఎక్కించుకుని మాల్‌కి పోయింది. నేను సమోసాలకి పిండి కలుపుతున్నాను. పర్వీన్ ఫోను చేసింది. చక్కెర డబ్బాకి ఫోను ఆనించి పెట్టాను.

“అమ్మా, కనపడతాందా? ఇదేనా బెంచీ? లేకుంటే ఆ చెట్టు కిందదా?”

ఒక్కొక్క బెంచీ చూపిస్తూ నడుస్తోంది. మూడు అయ్యాయి, నాలుగు అయ్యాయి. ఐదోదాని దగ్గర ఆ ముఖంలో అంత ఆశ చూసి నా చేతులు పిండిలోనే ఆగిపోయాయి. “ఔ, అదే” అంటే అయిపోయేది. ఆ పిల్ల దానిమీద కూర్చుని ఫోటో దిగి, నాకు పంపి, మురిసిపోయేది.

“ఏదీ కాదు పాపా” అన్నాను. “నేను ఏ బెంచీ మీదా కూర్చోలా. ఐస్‌క్రీమ్ తిన్లా. పడవా ఎక్కలా, కొండా ఎక్కలా. అన్నీ ఉత్తమాటలు చెప్పినా నీకు.”

ఆమె నడక ఆగింది.

“మరి ఈడ నువ్వు ఏం చూసినావమ్మా?”

“చెత్త డబ్బాలు చూసినా. నాలుగు రంగులవి. చర్చి గంట విన్యా.”

ఏడుస్తుందనుకున్నాను. కోప్పడుతుందనుకున్నాను. “ఏ చర్చి? పచ్చ గోపురముండేదా? ఆగు” అంది. ఫోను ఊగిపోయింది, రోడ్డు, గోడలు, ఆకాశం. చర్చి వెనక సందులోకి తిరిగింది. ఆ గోడ నాకు తెలుసు. పది వారాలు చూసిన గోడని ఎలా మరిచిపోతాను? రంగు మార్చారు గానీ పగులు అక్కడే ఉంది. పసుపు మూత డబ్బా, నీలం మూత డబ్బా. మేడమీద ముసలమ్మ కిటికీ మూసి ఉంది.

“ఇవేనా?”

“ఇవే.”

“ఇప్పుడు నువ్వు చెత్త ఏసినావనుకో. మెట్లెక్కొద్దు. ఇట్లా కుడి పక్కకు రా” అంటూ ఫోను తనకి ముందు పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. పైకే లెక్కపెడుతోంది. ఒకటి, రెండు, మూడు. ఆ సందులో నేనెప్పుడూ ఆ మూల దాటలేదు. పది, పదకొండు. గోడ అయిపోయింది. ఇరవై. సైకిళ్లు, పూలకుండీలు. ముప్పై ఆరు, ముప్పై ఏడు. నలభై దగ్గర ఆగి ఫోను పైకెత్తింది.

చెరువు. నా ఎదురుగా. వీపు వెనక కాదు. నీళ్లలో కొండ తలకిందులుగా ఉంది, తెల్ల పడవ దానిమీదినుంచి పోతోంది.

“నలభై అడుగులమ్మా” అంది పర్వీన్. “నలభై అడుగులే. ఎవురూ నిన్ను పిల్చకపాయిరి.”

నాకు కోపం వచ్చింది. రెండు ఎండాకాలాలూ, సాయంత్రం సాయంత్రం, ఆ డబ్బాల దగ్గర చేతులు దులుపుకుని వెనక్కి తిరిగిన నా మీదే ముందు వచ్చింది. ఆ తర్వాత ఫోను తనవైపు తిప్పుకున్న నా కూతురి ముఖం చూశాను. ఎండకి కమిలిపోయింది, ముక్కుమీద తోలు ఊడుతోంది. ఎవరూ పిలవకుండానే వచ్చింది. నా కథల్ని దొంగ సరుకనుకున్నానా, ఒక్కొక్కటే నిజం చేసుకుంటూ పోతోంది. ఇంత గర్వం నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు, పిండి చేతులతో కళ్లు తుడుచుకుంటే కళ్లు మండాయి.

“ఐస్‌క్రీమ్ తిను. పిస్తాది” అన్నాను. “తినేటప్పుడు చెరువు దిక్కు కూచో.”

సమోసాలు నూనెలో వేస్తుండగా మా ఆయన ఫోను వచ్చింది. స్పీకర్ పెట్టాను.

“చెప్పినావా?”

ఆయన వెనక వదిన గొంతు వినబడుతోంది, “సెప్పిందా లేదా అడుగు రా” అంటోంది. మంచిదే, ఇద్దరూ వింటారు అనుకున్నాను.

“చెప్పలా. చెప్పను. నువ్వూ ఇను, వదిననూ ఇనమను. పడవ ఎక్కినా, కొండ ఎక్కినా అని మీకు నేను చెప్పినవన్నీ అబద్ధం. ఆ ఊరికి నేను ఎనిమిది మందితో పోయినా. చెత్త డబ్బాలు తప్ప ఏమీ చూళ్లా. అప్పుడు వదిన ఊరంతా గొప్పగా చెప్పుకునింది. నా కూతురు ఒక్కతే పోయింది. అంతా చూసింది. ఈ మాట కూడా ఊరంతా చెప్పుకోమను.”

మా ఆయన మెల్లగా, అక్కకి వినబడకుండా కాబోలు, “నిజంగా ఏమీ చూళ్లేదా మహబూబ్బీ?” అన్నాడు. పన్నెండేళ్లలో నా గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. జవాబు తర్వాత చెప్తానన్నాను. సమోసాలు మాడిపోతున్నాయి.

పొయ్యి ఆపి, చేయి కడుక్కుని, పర్వీన్‌కి వాయిస్ పెట్టాను. పొద్దుటినుంచీ వాళ్లు నన్ను అనమన్న ఆ ఒక్క మాట కాదు, వేరే మాట.

“పాపా, తర్వాత ఏ ఊరు?”