బొజ్జన్న తుడిచిన బొమ్మలు

జెస్సీ బేతంచెర్లలో డ్రాయింగు టీచరు. సెలవు రోజుల్లో గనుల దారుల్లో తిరుగుతూ గుట్టల్నీ, వాననీళ్లు నిలిచిన గుంతల్నీ నీటిరంగుల్లో వేస్తుంది. నాలుగేళ్ల కిందట రాతి మీద బొమ్మ గీసి, కాగితం మీద అచ్చు తీయడం కూడా నేర్చుకుంది. నున్నటి నాపరాతి మీద జిడ్డు పెన్సిలుతో గీసి, రాతిని తడిపి, సిరా పూసి, కాగితం పరిచి నొక్కాలి. పది అచ్చులు తీశాక బొమ్మను అరగదీసేస్తే అదే రాయి ఇంకో బొమ్మకు పనికొస్తుంది.

ఆ అరగదీసే పని బొజ్జన్నది. ముప్పై ఏళ్లుగా నాపరాళ్ల పాలిషు ఫ్యాక్టరీలో పనిచేస్తున్న మనిషి. జెస్సీ ఆటోలో రాయి తెచ్చి దించితే, ఇసుకా నీళ్లూ పోసి రుద్ది రుద్ది అద్దంలా చేసి ఇచ్చేవాడు. రుద్దే ముందు బొమ్మను కాసేపు చూసేవాడు. ఏదో అనబోయి ఆగిపోయేవాడు.

"ఎట్లుండాది బొజ్జన్నా?" అని జెస్సీ అడిగితే, "బాగుండాది మేడం" అని నీళ్లు పోసేవాడు. ఆ మాటలో ఉత్సాహం ఉండేది కాదు. రాయి గురించి అంత తెలిసిన మనిషికి తన గీత నచ్చలేదని జెస్సీ చిన్నబుచ్చుకునేది.

ఈ ఫిబ్రవరిలో కర్నూలులో ఆమె బొమ్మలు ప్రదర్శనకు పెట్టారు. లక్ష్మీప్రియ అనే ఆవిడ తన ఇంటి కింది భాగాన్ని గ్యాలరీగా మార్చింది. అక్కడే ముప్పై బొమ్మలు గోడకెక్కాయి. జెస్సీ పిలిచిందని ఆదివారం బొజ్జన్న ఉతికిన తెల్లచొక్కా వేసుకుని బస్సులో వచ్చాడు. చెప్పులతో రావచ్చన్నా వినక బయటే విడిచాడు.

మొదటి అచ్చు దగ్గరే ఆగిపోయాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. కుడిచెయ్యి ఒకసారి, ఎడమచెయ్యి ఒకసారి చూసుకున్నాడు. గబగబా రెండోదాని దగ్గరికీ, మూడోదాని దగ్గరికీ వెళ్లి, అక్కడ నిలబడి పకపకా నవ్వాడు.

"ఏమైంది బొజ్జన్నా?"

"మేడం, ఇది మన చర్చి దోవ గదా! కొండ కుడిపక్క ఉండాదే!"

"కుడిపక్కే గదా ఉండేది."

"నిజంగా ఉండేది కుడిపక్కే. రాయి మీద మీరు ఎడమపక్క గీస్తిరి. రైలు స్టేషను గూడా అట్లే, ఇటుది అటు గీస్తిరి. నాలుగేండ్లుగా చూస్తాండా. పాపం ఈయమ్మకు కుడీ ఎడమా తెలీదు, పిల్లోళ్లకు ఏం నేర్పిస్తాందో అనుకుంటి. టీచరు గదా, మొగమ్మీద ఎట్ల చెప్పేదని గమ్మునుంటి."

జెస్సీ గోడకానుకుని కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "అచ్చు తీస్తే బొమ్మ తిరగబడుతుంది బొజ్జన్నా. అందుకే రాయి మీద అట్ల గీస్తా. ఇన్నేండ్లలో నీకు ఒక్క కాగితమన్నా చూపీలేదు. తప్పు నాదే."

అతను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఈసారి నింపాదిగా. వాననీళ్ల గుంత అచ్చు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"దీన్ని తుడిచేదానికి రొండు దినాలు పట్టె. నా చేత్తో పోగొడితినే అనుకుంటి," అన్నాడు మెల్లగా. "యాడికీ పోలే. ఈడ ఉండాది."

 అన్నేళ్లూ జెస్సీ ఆ మౌనంలో తన గీత మీద చిన్నచూపు వెతికింది. అతనేమో చెరిపేస్తున్నానని లోలోపల బాధపడ్డాడు. జెస్సీ లక్ష్మీప్రియను పెన్ను అడిగి తీసుకుని, ప్రతి అచ్చు కింద చీటీ మీద తన పేరు పక్కనే "రాయి సిద్ధం చేసినది: బొజ్జన్న" అని రాసింది.

అతను ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివి, చొక్కా సర్దుకున్నాడు.

తరువాతి ఆదివారం ఫ్యాక్టరీలోని నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. ఒక్కో అచ్చు దగ్గర ఆగి, ఇసుక ఎంత సన్నగా ఉండాలో, ఎంతసేపు రుద్దాలో చేతులు తిప్పి చూపిస్తున్నాడు. చూడవచ్చిన కాలేజీ పిల్లలు కూడా వాళ్ల వెనకే చేరారు. జెస్సీ వాకిలి దగ్గర కుర్చీ వేసుకుని, టీ తాగుతూ వింటూ కూర్చుంది.