మువ్వలు మింగిన హెడ్‌ఫోన్లు

రంపాల మేస్త్రికి కోపం వస్తే ముందు ముక్కు ఎర్రబడుతుంది, తరవాత మెడ, ఆ తరవాత ఎదురుగా ఉన్నవాడి మొహం. ఒకసారి ఆయన అరిచిన అరుపుకు మిల్లు కప్పు మీది కాకి నోట్లోని రొట్టెముక్క జారి, కింద తింటున్న కూలివాడి డబ్బాలో పడిందని చెప్పుకుంటారు. అబద్ధమే అయ్యుంటుంది. కాని ఆ కూలివాడు మాత్రం, మేస్త్రి అరిస్తే లాభం ఉన్నది నాకొక్కడికే అని ఇప్పటికీ అంటాడు.

అలాంటి మనిషి ఆ ఉదయం హెడ్‌ఫోన్ల షాపులో ఎత్తు కుర్చీ మీద కూర్చుని, నేలకు అందని కాళ్ళు ఊపుతూ, మూడో జత కూడా తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టాడంటే మర్యాద. పడేశాడు.

"ఇది కూడా మింగేసింది" అన్నాడు.

"ఏం మింగింది సార్?" అన్నాడు షాపాయన. పాపం, ఆయన మొహం ఎర్రబడడం అప్పటికే మొదలైంది.

"మువ్వల్ని!"

సంగతేమిటంటే, మర్నాటితో మేస్త్రి పని మానేస్తున్నాడు. కలప కోత మిల్లులో పెద్దరంపం పక్కన జీవితమంతా నిలబడ్డ మనిషిని ఒట్టి చేతులతో పంపకూడదని యజమాని, "ఏం కావాలో అడుగు మేస్త్రీ" అన్నాడు. గోడ గడియారం అడుగుతాడని అందరూ అనుకున్నారు. ఆయన హెడ్‌ఫోన్లు అడిగాడు. "వెళ్ళి నచ్చినవి తీసుకో, బిల్లు మిల్లుకు పంపమను" అన్నాడు యజమాని.

ఆ కోరిక వెనక ఒక పాట ఉంది. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో పక్కవాటా వాళ్ళ రేడియోలో వచ్చేది. గోడకు ఈవలి పక్క మేస్త్రీ, ఆయన పెళ్ళామూ చెవులు ఆనించి వినేవాళ్ళు. పాట మొదట్లో మాట రాకముందు చిన్న మువ్వలు మోగుతాయి. దూరంగా ఎవరో నడిచి వస్తున్నట్టు మొదలై, దగ్గరికొచ్చి, ఆగుతాయి. అప్పుడు గొంతు అందుకుంటుంది. ఆ తరవాత మేస్త్రి సొంతానికి రేడియో కొన్నాడు, టేపు కొన్నాడు, ఫోను కొన్నాడు. పాట వచ్చింది కాని మువ్వలు రాలేదు. రేడియో డొక్కుదన్నాడు, టేపు అరిగిందన్నాడు, ఫోను తయారుచేసినవాడికి చెవుల్లేవన్నాడు. పని మానేశాక మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, ఆ పాట మొదటి మువ్వ నుంచి చివరిదాకా వినాలి. మిగిలిన జన్మకు ఆయన పెట్టుకున్న కోరిక అదొక్కటే.

అందుకని ఆయన దుంగను ఎంచినట్టు హెడ్‌ఫోన్లను ఎంచుతున్నాడు. నల్లజత చెవుల మీద దిండ్లలా కూర్చుంది. మద్దెల దెబ్బ గుండెలోకి దిగింది గాని, పాడేవాడు బిందెలో తల పెట్టి పాడుతున్నట్టుంది. "ఇది పచ్చికర్రయ్యా. బరువే గాని బలం లేదు" అన్నాడు. రెండోది వెనక జల్లెడలా చిల్లులున్నది. పెట్టుకోగానే గది పెద్దదైపోయి, వీణ ఒక మూల, తబలా ఒక మూల సర్దుకుని కూర్చున్నాయి. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. షాపాయన ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో, "గది బాగుంది. గదిలోకి నడిచొచ్చే మనిషేదీ?" అని కళ్ళు తెరిచాడు. మూడోది వెండిరంగుది, చెవిని చుట్టూ మూసేసేది. గొంతు ఎంత స్పష్టంగా ఉందంటే, పాడేవాడు మధ్యలో గుటక వేయడం కూడా వినిపించింది.

"గుటక వినిపిస్తే నాకేం లాభమయ్యా? వాడి గుటక వినడానికొచ్చానా నేను?"

"ఇంతకంటే మంచిది ఈ వీధిలోనే లేదు సార్. పాటలు రికార్డు చేసేవాళ్ళు వాడేది."

"అయితే వాళ్ళూ చెవిటివాళ్ళే! మూడు జతలు చేసిన ముగ్గురు మొనగాళ్ళూ కలిసి నా పాట గొంతు పిసికారు. డబ్బాలమీద బొమ్మలు మాత్రం రాజాగా వేశారు!"

అంతవరకు పక్క కుర్చీలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆయన పెళ్ళాం, "అరవకయ్యా, జనం చూస్తున్నారు. ఏదీ, ఇటివ్వు" అని వెండిజత అందుకుంది. కొప్పు అడ్డమొస్తే కాస్త కిందికి దించి పెట్టుకుంది. షాపాయన పాట మొదటికి తిప్పాడు.

ఆవిడ తల ఒక పక్కకు వాల్చింది. తొడ మీద వేళ్ళు మెల్లగా ఆడాయి. ఇంకా గొంతు రాలేదని మేస్త్రికి తెలుసు, ఎందుకంటే పాటల పెట్టె మీద సెకన్ల అంకెలు అప్పుడే కదలడం మొదలుపెట్టాయి.

"వస్తున్నాయయ్యా!" అని ఆవిడ షాపంతా అదిరేలా అరిచింది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళకు తాము అరుస్తున్నట్టు తెలియదు. "మువ్వలు! అచ్చం అలాగే! ఇదిగో, దగ్గరికొచ్చాయి... ఆగాయి!"

మేస్త్రి లాక్కుని పెట్టుకున్నాడు. మళ్ళీ మొదటికి తిప్పించాడు. ఏమీ లేదు. నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో ఎప్పుడూ ఉండే సన్నటి ఈల, ఆ తరవాత గొంతు. ఆవిడకు ఇచ్చాడు. మువ్వలున్నాయంది. నల్లజతలో కూడా ఉన్నాయంది, జల్లెడదాంట్లోనూ ఉన్నాయంది. "మూడింట్లోనూ ఉన్నాయి. వెండిదాంట్లో అయితే చెవి పక్కనే కట్టినట్టున్నాయి."

"నన్ను ఉడికించడానికి చెప్తున్నావే?"

"నీ మీద ఒట్టు."

ఆయన షాపాయన వైపు చూశాడు. షాపాయన బల్ల వైపు చూశాడు. చెప్పాలా వద్దా అని కాసేపు తుడిచిన బల్లనే తుడిచి, "సార్... రంపాల మిల్లులో పనిచేసేవాళ్ళకు, ఆ సన్నటి మోతలు ముందు పోతాయంటారు" అన్నాడు.

ఈసారి మేస్త్రి ముక్కు ఎర్రబడలేదు. అరుస్తున్నప్పుడు లేని భయం ఆవిడకు అప్పుడు పుట్టింది. చూస్తుండగానే ఆయన కుర్చీ దిగి, వెండి హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని, వాటికి వైరుతో కట్టి ఉన్న పాటల పెట్టె చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

"సార్! సార్, అది షాపు పెట్టె!" అని షాపాయన వెనక పరుగెత్తాడు. ఆయన వెనక ఆవిడ, సంచితో.

మిల్లు అక్కడికి రెండు వీధుల అవతల. సందు మలుపు తిరక్కముందే రంపం మోత మొదలవుతుంది. కొత్తవాళ్ళు అక్కడే చెవులు మూసుకుంటారు. మిల్లువాళ్ళకు మాత్రం అదొక పట్టింపు. చెవిలో దూది పెట్టుకున్నవాడిని అక్కడ మగాడి లెక్కలో వేయరు. రంపం మాట్లాడుతుందని వాళ్ళ నమ్మకం. కర్రలో మేకుంటే ఒక రాగం, పళ్ళు మొద్దుబారితే ఒక రాగం, తెగబోయేముందు ఇంకొక రాగం. చెవి మూసుకున్నవాడికి ఆ మాట అందదు, అందనివాడికి వేళ్ళు మిగలవు. కొత్తగా చేరిన ప్రతివాడికీ మేస్త్రే ఈ పాఠం చెప్పేవాడు.

ఆ వేళ ఆయన నేరుగా గోడ దగ్గరికెళ్ళి పెద్ద మీట కిందికి లాగాడు.

మధ్యలో దుంగ పెట్టుకుని రంపం ఊఁ అని మూలిగి ఆగిపోయింది. పని వేళలో ఆ మీట దించిన మగాడు అంతవరకు పుట్టలేదు. గాలిలో పొట్టు మాత్రం ఇంకా ఎగురుతోంది.

"ఏంటి బావా, రేపు కదా వీడ్కోలు? ఇవాళే మాలలు వేయించుకుంటావా?" అన్నాడు ఆయన బావమరిది. రంపం దగ్గర మేస్త్రి తరవాత మేస్త్రి అతనే.

"నోర్ముయ్. అందరూ వరసలో నిలబడండి. ఇది పెట్టుకోండి. మువ్వలు వినపడగానే చెయ్యెత్తాలి. షాపాయనా, పెట్టె మీట నొక్కవయ్యా!"

పొట్టు పడి తన పెట్టె పాడైపోతుందని షాపాయన ఏడుపు మొహంతో నొక్కాడు. పోయిన నెల చేరిన పొడుగాటి మనిషి ముందు పెట్టుకున్నాడు. రెండు లెక్కపెట్టేలోగా చెయ్యెత్తాడు. దుంగలు దొర్లించేవాడు కాస్త ఆలస్యంగా, అనుమానంగా ఎత్తాడు. పలకలు పట్టేవాడు అలాగే నిలబడ్డాడు. గొంతు మొదలయ్యాక, "పాట బాగుంది మేస్త్రీ" అన్నాడు.

"పాటెలా ఉందని అడిగానా? మువ్వలు!"

"ఏం మువ్వలు?"

బావమరిది వంతొచ్చింది. హెడ్‌ఫోన్లు చెవులకు తగిలాయో లేదో, చెయ్యి కప్పుదాకా ఎత్తేశాడు. "భలే మోగుతున్నాయి బావా! గణగణా!"

"షాపాయన ఇంకా పాట పెట్టనే లేదురా వెధవా!"

జనం గొల్లుమన్నారు. మేస్త్రి నవ్వలేదు. బావమరిది చెయ్యి దించడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. పాట పెట్టాక ఆ చెయ్యి మెల్లగా దానంతటదే కిందికి వచ్చింది. నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగిపోయింది.

మోత ఆగితే లోపల గదిలో యజమానికి మెలకువ వచ్చినట్టవుతుంది. బయటికొచ్చాడు. "రంపం ఎవరాపారు?"

"నేనే."

"ఎందుకు మేస్త్రీ?"

"మీరిచ్చే కానుక ఎంత మంచిదో చూస్తున్నామండీ. కాళ్ళు నరికేసి చెప్పుల జత కొనిపెట్టినంత మంచిది!"

విషయం అర్థమయ్యాక యజమాని మొహం కూడా ఎర్రబడింది. ఆయన తక్కువ తిన్న మనిషి కాదు. "నా మీద అరుస్తావా? ఈ పెద్దరంపం తెచ్చిన రోజునే చెవులకు మూతలు తెప్పించానా లేదా? వాటిని మేకులకు తగిలించింది ఎవరు? అందులో పిచ్చుక గూడు పెడితే, మూతలకు ఇప్పటికి పనికొచ్చే చెవులు దొరికాయని ఎగతాళి చేసిందెవరు?"

"నేనే! ఎగతాళి చేశాను. నా అంత మూర్ఖుడు ఈ మిల్లులో లేడు, పిచ్చుకకు నాకంటే తెలివుంది. ఒప్పుకుంటున్నాను." మేస్త్రి ఒక అడుగు ముందుకేశాడు. "మరి మీరేం చేశారండీ? ఇక్కడ బీడీ వెలిగిస్తే మెడపట్టి బయటికి గెంటుతారే! పలక వంకరగా కోస్తే ఆ పూట కూలి కోస్తారే! పొట్టు అంటుకుంటే మీకు నష్టం, పలక వంకరైతే మీకు నష్టం. అక్కడ మా మాట విన్నారా? మా ఎగతాళికి ఊరుకున్నారా? చెవుల దగ్గరికొచ్చేసరికి మాత్రం, మేస్త్రి వద్దన్నాడు కదా అని ఎంత మర్యాద పుట్టుకొచ్చిందండీ మీకు!"

యజమాని వరసలో నిలబడ్డవాళ్ళను చూశాడు. వాళ్ళలో ఒక్కడు కూడా చూపు తిప్పుకోలేదు.

"సరే. రేపు తెప్పిస్తాను."

"రేపటి తరవాత నేనుండను. రేపు నాకు మాల వేస్తారు, ఎల్లుండి వీళ్ళు మూతలు మేకులకు తగిలిస్తారు, మీరు మళ్ళీ మర్యాదగా ఊరుకుంటారు. ఇవాళే. మూతలు వచ్చి, చెవుల మీద కూర్చుని, పెట్టుకోనివాణ్ణి బీడీ కాల్చినవాడిలా గెంటుతానని మీ నోటితో అన్నాకే ఈ మీట లేస్తుంది." మీట కింద ఒక దుంగముక్క దొర్లించుకుని దాని మీద కూర్చున్నాడు.

"రంపం మాట వినపడదు కదా బావా, మూతలుంటే?" అన్నాడు బావమరిది, గొంతు తగ్గించి.

"నీకు మువ్వలే వినపడలేదు, రంపం రాగాలు వినపడుతున్నాయా? ఇన్నాళ్ళూ అలవాటు కొద్దీ బతికామురా. ఇకమీద రంపం బల్లను చేత్తో తడిమి చూడు. వణుకు చెప్తుంది."

యజమాని కాసేపు పొట్టులో కాలితో గీతలు గీసి, గుమస్తాను కేకేసి బజారుకు పంపాడు. తిరిగి వెళ్ళబోతూ, కోపం ఇంకా చల్లారక, "అయితే ఈ హెడ్‌ఫోన్లు నీకు వద్దన్నమాట. షాపాయన తీసుకుపోవచ్చా?" అన్నాడు.

మేస్త్రి పౌరుషంగా విసిరికొడతాడని అందరూ చూశారు. షాపాయన అయితే పట్టుకోవడానికి రెండు చేతులూ చాచాడు.

"వద్దనడానికి నాకేమైనా పిచ్చా?" అని అరిచాడు మేస్త్రి. "మూడింట్లోకీ మంచివి ఇవే. ఎంచి ఎంచి చూశాను. బిల్లు మీకే వస్తుంది. నాకు వినపడకపోతే మా ఇంట్లో ఇంకెవరికీ చెవుల్లేవా?"

దుంగల మీద అలిసిపోయి కూర్చున్న పెళ్ళాం దగ్గరికెళ్ళి, కొప్పు కింద నుంచి వెండి హెడ్‌ఫోన్లు తనే పెట్టాడు. ఆ మోటు చేతులకు అంత నాజూకు పని రాదు. చెవిపోగు చిక్కుకుంటే ఆవిడ "అబ్బా" అంది. షాపాయన పాట మొదటికి తిప్పాడు. ఆవిడ తల పక్కకు వాలింది.

మేస్త్రి ఆవిడ వేళ్ళకేసి చూస్తున్నాడు. తొడ మీద అవి మొదలయ్యాయి.

"ఎక్కడిదాకా వచ్చాయే?" అన్నాడు.

"ఏంటీ?" అని అరిచింది ఆవిడ.

"మువ్వలే!"

"ఏంటయ్యా? గట్టిగా చెప్పు, వినపడట్లేదు!"

ఆగిన రంపం చుట్టూ నిలబడ్డవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. "నవ్వారంటే చంపేస్తాను ఒక్కొక్కణ్ణీ!" అని గర్జించి, మేస్త్రి మళ్ళీ వెళ్ళి మీట కింద కూర్చున్నాడు.