నల్ల దారం

దేశాధ్యక్షుడి పదవీకాలం సగానికొచ్చిన ఏడాది అది. పార్లమెంటు సభ్యుల ఎన్నిక జూన్‌లో పెట్టారు. మా దేశంలో పోలింగ్ బూత్ నడిపే పెద్దను మామూలు జనంలోంచే చీటీ తీసి ఎంచుతారు. ఎల్ సపోటే ఊళ్లో ఆ చీటీ ఎరెందిరాకు తగిలింది. ఆమెకు చర్చి వీధిలో కుట్టు సామాన్ల దుకాణం ఉంది. దారాలు, గుండీలు, లేసులు అమ్ముకునే మనిషి. గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు.

"ఒంట్లో బాలేదని చెప్పి తప్పించుకో," అన్నాడు భర్త ఫౌస్తో.

"చెప్పాను. డాక్టరు రాసిస్తేనే ఒప్పుకుంటారట. డాక్టరేమో నవ్వి పొమ్మన్నాడు. నాలాంటి పిరికిదే కావాలన్నాడట దోన్ లిబ్రాదో."

ఊరంతా దోన్, అంటే దొర, అని పిలిచే లిబ్రాదోనే ఊళ్లో అధికార పార్టీ. నీళ్ల ట్యాంకర్లు ఆయనవి, రోడ్డు పనులు ఆయనవి, తుపాకులు పట్టుకుని జీపుల్లో తిరిగే కుర్రాళ్లు ఆయన మనుషులు. ఈసారి ఆయన తమ్ముడే అభ్యర్థి. ఒకప్పుడు ఆయనకు ఎదురు నిలబడిన ఒవీదియో అనే రైతు అవకాడో తోట తగలబడింది. ఒవీదియో ఏమయ్యాడో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు.

ఎన్నికల ముందు ఆ కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగారు. ఓటు వేసేటప్పుడు బ్యాలెట్ మీద పార్టీ గుర్తు దగ్గర నల్ల పెన్సిల్‌తో పెట్టిన ఇంటూ గుర్తును ఫోనులో ఫోటో తీసి పంపాలి. ఫోటో రాని ఇంటికి నీళ్ల ట్యాంకరు రాదు. "ట్యాంకరు రాకపోతే పర్లేదు, వేరేవాళ్లు వస్తారు," అని నవ్వి వెళ్లారు.

ఆ వారం ఎరెందిరా దుకాణంలో లావు నల్ల దారం విపరీతంగా అమ్ముడుపోయింది. తాపీమేస్త్రీలు కొన్నారు, కాలేజీ పిల్లలు కొన్నారు, సూదిలోకి దారం ఎక్కించడం కూడా రాని చర్చి ఫాదరు కొన్నాడు.

"ఏంటి ఫాదర్, ఎవరైనా పోయారా? ఊరంతా నల్లబట్టలు కుట్టిస్తోందా?" అని నవ్వింది ఎరెందిరా.

"జోబు చిరిగిందమ్మా," అన్నాడాయన, ఆమె కళ్లలోకి చూడకుండా.

దోన్ లిబ్రాదో భార్య అంపారో కూడా వచ్చింది. ఒక ఉండ కొని, చిల్లర తీసుకోకుండానే వెళ్లిపోయింది.

ఆదివారం బడి గదిలో పోలింగ్ ప్రశాంతంగా సాగింది. ప్రశాంతమంటే ఎవరూ మాట్లాడలేదని. పార్టీ తరఫున లిబ్రాదో మేనల్లుడు రుతీలియో ఎరెందిరా పక్కనే కూర్చుని, కారం చల్లిన మామిడి ముక్కలు తింటూ, వచ్చినవాళ్లందర్నీ పేరుపెట్టి పలకరించాడు. తెర వెనక ఫోన్లు టిక్కుమంటూనే ఉన్నాయి. ఆపాల్సింది ఎరెందిరాయే. ఆమె తల దించుకుని జాబితాలో పేర్లు కొట్టేస్తూ పోయింది.

సాయంత్రం తలుపులు మూశాక, తెర వెనక బల్ల మీద పెన్సిళ్లు తీయడానికి వెళ్లింది. కింద చూసింది. నేలంతా నల్ల దారం ముక్కలు. ఒక్కొక్కటీ వేలెడంత. బల్ల మీద రెండు ముక్కలు ఇంకా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే అచ్చం పెన్సిల్‌తో పెట్టిన ఇంటూ గుర్తే.

అప్పుడు అర్థమైంది. బ్యాలెట్ మీద దారంతో ఇంటూ పేర్చి, ఫోటో తీసి, దారం దులిపేసి, తర్వాత తమకు ఇష్టమైనచోట పెన్సిల్ పెట్టారు. ఎవరు ఎవరికి నేర్పారో! ఆ దారం తన దుకాణానిది. ఊళ్లో మరో దుకాణం లేదు.

"ఏం చేస్తున్నావక్కా అక్కడ? పెట్టె తెరుద్దాం రా!" రుతీలియో కేకేశాడు.

"చెత్తగా ఉంది, ఊడుస్తున్నా."

"రేపు బడి ఆయా ఊడుస్తుందిలే."

"ఒక్క నిమిషం బాబూ." మోకాళ్ల మీద కూర్చుని చేతుల్తో దారం ముక్కలు పోగుచేసి రవికలోకి తోసుకుంది.

పెట్టె తెరిచారు. మొదట్లో రుతీలియో ఈల వేశాడు. కాసేపటికి ఈల ఆగింది. అధికార పార్టీ కట్ట పలచగా, అవతలి కట్ట ఎత్తుగా పెరుగుతోంది. మళ్లీ లెక్కపెట్టించాడు. అదే లెక్క. సంతకం పెట్టేటప్పుడు వాడి మొహం సున్నం కొట్టినట్టుంది.

"మామయ్యకి ఏం చెప్పను అక్కా?" అన్నాడు మెల్లగా.

ఫలితం కాగితం బడి తలుపు మీద అంటించారు. వాన మొదలైంది. జనం గొడుగుల కింద వచ్చి చూశారు. ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. తనతో పాటు ఏ నలుగురో ధైర్యం చేసుంటారనుకున్న ప్రతివాడూ ఆ అంకెలు చూసి పక్కవాడివైపు చూశాడు, మళ్లీ చూపు తిప్పుకున్నాడు. గబగబా ఇళ్లకెళ్లి గడియలు పెట్టుకున్నారు.

మర్నాడు రేడియోలో చెప్పారు: దేశమంతటా అధికార పార్టీ దెబ్బతింది, పార్లమెంటులో మెజారిటీ పోయింది. లిబ్రాదో తమ్ముడు ఓడిపోయాడు.

మధ్యాహ్నం జీపు దుకాణం ముందు ఆగింది. లిబ్రాదో ఒక్కడే లోపలికి వచ్చాడు. కుర్రాళ్లు గుమ్మంలో నిలబడ్డారు.

"మీ నాన్న నాకు తెలుసు ఎరెందిరా. మంచోడు. ఎప్పుడూ నోరెత్తేవాడు కాదు." ఫోను తీసి గాజు బల్ల మీద పెట్టి వేలితో తోస్తూ పోయాడు. ఫోటో తర్వాత ఫోటో. అన్నింటిలోనూ ఇంటూలే. "చూడు. ఊరంతా నాకే వేసింది. ఇవి నా ఓట్లు. మరి పెట్టెలోకొచ్చేసరికి ఏమయ్యాయి? ఓట్లేమైనా మేకలా, దారి తప్పడానికి?"

ఆమె ఫోను వైపే చూస్తోంది. దగ్గర్నుంచి చూస్తే ఒక ఇంటూ కొన దగ్గర పోగు విడిపోయి కనిపిస్తోంది. ఆయన పెద్దగా చేసి చూడలేదు, అంతే.

"నువ్వు మార్చావు. ఎంతిచ్చారు నీకు?"

ఒక్క మాట చెబితే చాలు, తాను బయటపడుతుంది. ఆ మాట చెబితే ఊళ్లో ప్రతి ఇల్లూ ఒవీదియో తోటే. ఆమె వెనక అలమరలో నల్ల దారం గడి ఖాళీగా ఉంది. ఆయన తలెత్తితే కనిపిస్తుంది.

"నేను మార్చలేదు, అయ్యా."

"మరెవరు?"

"తెలీదయ్యా."

జీపులోంచి దిగి అంపారో లోపలికి వచ్చింది. నేరుగా వచ్చి ఎరెందిరా పక్కన, ఆ ఖాళీ గడికి అడ్డంగా నిలబడింది. అంపారో చేతులు శాలువా అంచులో మెలిపడుతున్నాయి.

"పక్కనే కూర్చుని లెక్కపెట్టింది మీ అక్క కొడుకేగా? సంతకమూ వాడిదే. ఈవిడ మారిస్తే వాడు మామిడికాయలు తింటున్నాడా?"

"నిన్ను దిగమన్నానా?" అన్నాడు లిబ్రాదో. ఆ గొంతుకి ఎరెందిరా కళ్లు మూసుకుంది. అంపారో మాత్రం కదల్లేదు.

అంతలో ఫోను మోగింది. తమ్ముడు. లిబ్రాదో వింటూ గుమ్మం దాకా వెళ్లాడు. "పోలీసు కమాండరు ఫోను ఎత్తట్లేదా? నిన్నటిదాకా మన ఇంట్లోనే తిన్నాడు కదరా!" అనడం లోపలికి వినబడింది. తిరిగొచ్చి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"మళ్లీ వస్తా," అన్నాడు ఎరెందిరాతో. భార్య మోచెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. జీపు ఎక్కుతూ అంపారో ఒక్కసారి వెనక్కి చూసింది.

ఆ సాయంత్రం ఎరెందిరా అంతా భర్తకు చెప్పింది.

"నేనూ ఒక మూర తీసుకెళ్లా, నీకు చెప్పకుండా," అన్నాడు ఫౌస్తో.

"దొంగ సచ్చినోడా!" అంది ఆమె. నవ్వబోయి ఏడ్చేసింది.

తెల్లారగానే బట్టలు మూటకట్టుకుని మొరేలియా నగరంలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లిన రెండో రోజు దుకాణం తగలబడింది. ఇరుగుపొరుగు బకెట్లతో పరిగెత్తారు. గోడలు మిగిలాయి.

వానాకాలం వెళ్లేలోపు కొత్త పార్లమెంటు సభ కూర్చుంది. రోడ్డు పనుల డబ్బు రావడం ఆగింది. జీతాలు అందక కుర్రాళ్లు ఒక్కొక్కరే వేరే దొరను వెతుక్కున్నారు. లిబ్రాదో ఇల్లు అమ్మి, భార్యాపిల్లలతో ఎటో వెళ్లిపోయాడు. ఎరెందిరా వాళ్లు తిరిగొచ్చి దుకాణం మళ్లీ తెరిచారు. తాపీమేస్త్రీలు కూలి అడగకుండా గోడలకి సున్నం కొట్టి వెళ్లారు. దారం సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇప్పటికీ వీధిలో జీపు నెమ్మదించిందంటే ఆమె చేతిలో కత్తెర ఆగిపోతుంది. అది వెళ్లిపోయాక అంపారో గుర్తొస్తుంది. లిబ్రాదో ఎప్పుడో ఒకసారి తీరిగ్గా కూర్చుని, ఆ ఫోటోలు పెద్దవి చేసి చూసుకుంటే? తన భార్య పంపిన ఫోటో కూడా చూస్తే? అంపారో ఎక్కడుందని వచ్చేపోయే లారీ డ్రైవర్లను ఫౌస్తో చేత అడిగిస్తూనే ఉంది. ఇంతవరకూ ఏ కబురూ లేదు.