చిలకమ్మ నీళ్ళు

తెల్లారి కుళాయిలో నీళ్ళొచ్చే వేళకి చిలకమ్మ లేచేది. ముందు మొహం కడుక్కోవడం కాదు, ముందు ఆస్పరాగస్‌కి నీళ్ళు మార్చడం. పబేడాన్ పేటలో ఓ ఇరుకు వీధిలో మూడో అంతస్తు వాటా ఆమెది. గోడ పొడుగునా గాజు సీసాలూ, మూతి కోసిన ప్లాస్టిక్ డబ్బాలూ. ఒక్కోదాన్లో రెండు వేళ్ళ లోతు నీళ్ళు, వాటిలో నిటారుగా నిలబడ్డ పచ్చని కాడలు. చిలకమ్మ వాటిని, అవ్వ శ్రీకాకుళం నుంచి సముద్రం దాటి మోసుకొచ్చిన మాటతో, పిల్లితేగలు అనేది. కొండల మీంచి బస్సులో దిగిన కట్టల్ని విప్పి, అడుగున ఎండిన ముక్క కోసేసి, నీళ్ళలో నిలబెట్టి, ఊపిరాడేట్టు పల్చటి కవరు వదులుగా తొడిగేది. తలలు తడిస్తే కుళ్ళిపోతాయి, కాళ్ళు ఎండితే వడిలిపోతాయి. ఆమెకి తెలిసిన శాస్త్రం అంతే.

మిగిలినదంతా చేతిచలవ. ఆమె మార్చిన నీళ్ళలో నిలబడ్డ కాడ వాడేది కాదు. నెల గడిచినా కోసిన పూట ఎలా ఉందో అలాగే ఉండేది. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియక ఆ వీధిలో ఫ్రిజ్‌లన్నీ బట్టల బీరువాలైపోయాయి కాబట్టి, జనం తమ కొత్తిమీరా పూలూ కూడా తెచ్చి ఆమె దగ్గరే పెట్టిపోయేవారు. ఇదెలాగని ఎవరూ అడగలేదు. లత పేట వైపు చైనా హోటళ్ళవాళ్ళు మాత్రం బేరానికొచ్చి, ఇవెప్పటివని ముక్కు చిట్లించేవారు. చిలకమ్మకి ఒళ్ళుమండేది.

"ఎప్పటివైతే నీకేటి? నా నీళ్ళలో ఉన్న రోజులు రోజులే కావు. ఇయ్యాల కోసినవే అనుకో," అని కసిరి, బాల్కనీలో వేలాడే తాడుకి కట్ట తగిలించి వీధిలోకి దించేసేది. వాళ్ళు అవే పట్టుకెళ్ళేవారు.

ఆమెకి ఒక్కడే కొడుకు, దాసు. సేక్కాన్ రేవులో ఓడల తాళ్ళు కట్టే పని. వాళ్ళ తాతా అదే పని చేశాడు. సైన్యంలోకి కుర్రాళ్ళని పిలిచే చట్టం అమల్లోకి వచ్చాక వీధిలో మగపిల్లలు ఒక్కొక్కరే కనపడకుండా పోయారు. కొందరు సరిహద్దు దాటారు, కొందర్ని దాటనివ్వలేదు. దాసుకి ముప్పై ఐదు. ముప్పై ఐదు దాటినవాణ్ణి పిలవరు. దాటడానికి ఇంకొక్క నెల ఉందనగా అతని పేరు వచ్చింది.

చిలకమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. నీలం డ్రమ్ము ఒకటి తెప్పించి స్నానాలగదిలో పెట్టింది. కాడ అడుగు కోసినంత శ్రద్ధగా కొడుకు కాలిగోళ్ళు కత్తిరించింది.

"ఏటమ్మా ఇది, నానేటి కూరగాయనా?" అన్నాడు దాసు. ఆ రోజే తాడు ఒరుసుకుని అరచేతి తోలు లేచిపోయింది, ఊదుకుంటున్నాడు.

"నోరు మూసుకుని నిలబడు. ఎవులొచ్చినా సప్పుడు సెయ్యకు. ఒక్క నెల."

చీలమండలు మునిగేంత నీళ్ళు పోసి, తలమీంచి పల్చటి దుప్పటి కప్పింది. వీధి పెద్ద ధనరాజ్ వస్తే, కొడుకు ఓడెక్కి వెళ్ళిపోయాడని చెప్పింది. ధనరాజ్ తెలుగువాడే, వరసకి అక్క కొడుకు; పేర్లు రాసిచ్చే పని నెత్తిన పడి చిక్కి సగమైనవాడు. నమ్మాడో, నమ్మినట్టు తలూపాడో, మొత్తానికి వెళ్ళిపోయాడు.

దాసుకి ఆకలెయ్యలేదు, నిద్ర రాలేదు. చిలకమ్మ రోజూ ముందు అతని నీళ్ళు మార్చాకే కాడల జోలికి పోయేది. ఒక్క నెల అనుకున్నది భయంకొద్దీ వానలు వెళ్ళేదాకా ఉంచింది. పుట్టినరోజు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఇక చాలు అనుకున్న రోజు ఆమె సంతోషం పట్టలేక, సేమ్యా పాయసం కాచి, తనే వెళ్ళి ధనరాజ్‌ని వెంటబెట్టుకొచ్చింది.

"నా కొడుక్కి ముప్పై ఆరొచ్చేసినాయి. ఇంక పేరు కొట్టీ," అంటూ దాసుని డ్రమ్ములోంచి దింపి ఎదురుగా కూర్చోబెట్టింది.

ధనరాజ్ పాయసం గిన్నె పట్టుకుని దాసుని పరకాయించి చూశాడు. పాదాలు నీళ్ళకి నాని తెల్లబడ్డాయి. గడ్డం ఆనాటి మాసిన గడ్డమే. అరచేతి గాయం ఇంకా పచ్చిగానే ఉంది. గిన్నె కింద పెట్టేశాడు.

"సిన్నమ్మా, ఈణ్ణి నీ నీళ్ళలో ఎట్టినావా?"

"మరెక్కడెడతాను?"

"అలాగైతే ఈడికి ముప్పై ఆరు ఎలాగొచ్చినాయి?"

చిలకమ్మకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక దాసు అరచెయ్యి తిప్పి గాయం చూసింది.

"నీ నీళ్ళలో రోజులు నడవవని అందరికీ తెలుసు," అన్నాడు ధనరాజ్ తల దించుకుని. "పేర్లు సూసే ఆఫీసరు పెళ్ళాం నీ కాడలే కొంతాది. నిజంగా ఓడమీదున్నా, ఏ అటకమీద దాక్కున్నా ఈపాటికి దాటేసుండేవోడు. ఈడికింకా నెలుంది."

"నువ్వు సూడనేదనుకో, నాయినా. పాయసం తినేసి ఎల్లిపో."

"నువ్వు నన్ను తీసుకొస్తుంటే మెట్లమీద అందరూ సూసినారు. ఈడి పేరు దాస్తే నా కొడుకు పేరు రాస్తారు. ఆడికి పద్దెనిమిది."

ఆ పిల్లవాణ్ణి పంపమని చిలకమ్మ ఎలా అంటుంది? దాసు చెయ్యి పట్టుకుని స్నానాలగది వైపు లాగింది.

"మళ్ళీ ఎట్టెస్తాను. ఈ చట్టాలూ గొడవలూ పోయేదాకా అందులోనే ఉంటావు."

"ఎన్నాళ్ళమ్మా?" దాసు కదల్లేదు. "నువ్వు పోయినాక నా నీళ్ళెవులు మారుస్తారు?"

ఆమెకి తన చేతుల్ని చూస్తే రోత పుట్టింది. ఊరికే వదిలేసి ఉంటే, ఏ గోదాములోనో ఓ నెల నక్కి ఉంటే, ఇవాళ కొడుకు తలెత్తుకుని మెట్లు దిగేవాడు. తల్లి గనకే ఇలా చేసింది, పరాయిదైతే చేసేది కాదు.

దాసుకి అప్పుడు ఆకలేసింది, అన్ని నెలల ఆకలీ ఒక్కసారిగా. ధనరాజ్ వదిలేసిన గిన్నె అందుకుని గబగబా తినేశాడు. చిలకమ్మ వడ్డిస్తూనే ఉంది. గిన్నె అడుగు కనిపించాక కూడా గరిటెతో గీకుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే వచ్చి తీసుకుపోయారు. చెప్పులు వేసుకోలేకపోయాడు, పాదాలు అంత మెత్తబడిపోయాయి. చెప్పులు చేత్తో పట్టుకునే బండెక్కాడు.

నెల తిరిగేసరికి దాసుకి ముప్పై ఆరు నిజంగానే నిండాయి. ఏ కొండమీదో, ఏ అడవిలోనో, ఆ రోజు అందరికీ గడిచినట్టే అతనికీ గడిచింది. అక్కడ వయసు ఎవరూ అడగరు.