పదును లేని పాఠం

పాఠకులారా, పనిముట్లు తళతళలాడే బడిని చూసి ముచ్చటపడకండి. 1957లో చోడవరంలో అలాంటిదే ఒక వృత్తి విద్యాలయం ఉండేది. వడ్రంగం మాస్టారు కామేశం నల్లబల్లమీద బొమ్మ వేస్తే కళ్లకద్దుకోవాలి. చెక్కకు బెజ్జం ఎంత లోతు తవ్వాలో, అందులో దిగే కుసి ఎంత మందం ఉండాలో అంగుళాలతో సహా చెప్పేవాడు. ఇరవైమంది కుర్రాళ్లు రాసుకునేవారు. ఉలులు మాత్రం బీరువాలో తాళం కింద ఉండేవి. తనిఖీ నాటికి కొత్తగా మెరవాలి కదా!

ఒకనాడు అధికారి గణపతిరావుగారు చెప్పాపెట్టకుండా దిగారు. కామేశం ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆయన చేతిలోనే ఉంది. గోడగూటిలో పేర్చిన చెక్క అతుకుల నమూనాలు చూసి, "ఇవి మీరు చేసినవేనా?" అన్నారు.

కామేశం తలూపాడు.

"అయితే పిల్లల ముందు ఒక్కటి చెయ్యండి."

కామేశం బీరువా తెరిచాడు. ఉలి తీశాడు. కొత్త ఉలిని సానరాయిమీద నూరితేగాని చెక్క తెగదని అతనికి తెలియదు. ఒక దెబ్బకు ఉలి జారింది. రెండో దెబ్బకు చెక్క నిలువునా చీలింది.

"ఉలి మంచిది కాదండీ," అన్నాడు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. కుర్రాళ్లలో ఒక్కడూ నవ్వలేదు.

నౌకరు పరదేశి చీపురు పక్కన పెట్టి ముందుకొచ్చాడు. తాతల నాటినుంచీ వడ్రంగం చేసే ఇంటివాడు. ఆ నమూనాలన్నీ అతను ఇంటిదగ్గర తన ఉలితో చేసినవే.

"బాబుకి సెయ్యి నొప్పండి. అయ్యన్నీ ఆరే సేసేరు, నాను సూసేను."

ఇక "అవునండీ" అంటే చాలు, గట్టెక్కినట్టే. కాని కామేశం చూపు కుర్రాళ్ల నోటు పుస్తకాలమీద పడింది. రేపు పక్కూరు గోవాడ రైతు బండి విరిగిందని వస్తే వీళ్లు ఏ పేజీ తిప్పుతారు?

"కాదండీ. అవి పరదేశి చేశాడు. నాకు సర్టిఫికెట్టు ఉంది, పని రాదు."

గణపతిరావుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "మూడు నెలల్లో మళ్లీ వస్తాను. నా ఎదుట కుసి బిగిస్తే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే లేదు."

అధికారి జీపు కదలగానే కామేశం బీరువా తాళంచెవి పరదేశి చేతిలో పెట్టి, కుర్రాళ్ల వరసలో నేలమీద కూర్చున్నాడు. నిన్నటిదాకా "ఒరే" అన్న నోటితోనే, "మేస్త్రీగారూ, ఎక్కడ మొదలెట్టాలి?" అన్నాడు.

"అదేటి బాబూ!" అని పరదేశి కంగారుపడ్డాడు. కాసేపటికి ఉలిని కళ్లకద్దుకుని, సానరాయిమీద నీళ్లు చిలకరించాడు. "ముందు పదునెట్టాల. పదును లేందే పనెక్కడిది?"

బడి ఎన్ని బీరువాలు నింపుకున్నా సరే, గురువు చేతికి రాని పని శిష్యుడి చేతికి రాదు.